ఏడు దాకా లెక్కపెట్టాను

ముద్దప్పగారి గేటు తీయగానే
బండిని చూళ్లేదు నేను. బోనెట్ మీద చెయ్యి పెట్టాను.
వెచ్చగా ఉంది,
దించి కాసేపయిన అన్నంగిన్నె మూతలా.

ఆరున్నరకి వస్తానన్నాను.
నాకన్నా ముందే ఎవరో దాన్ని నిద్ర లేపారు.

కలాసిపాళ్యంలో జబీవుల్లా ముందే చెప్పాడు:
"అమ్మేవాడి మాట వినొద్దక్కా, చల్లటి ఇంజను మాట విను.
వేడెక్కాక అన్ని ఇంజన్లూ పెద్దమనుషులే."

విద్యారణ్యపురలో ఇరుకు సందు.
ముదురాకుపచ్చ జీపు. డీజిలు. నాలుగు చక్రాలూ లాగే రకం.
పదహారేళ్లు. మీటరు మాత్రం
తొంభై రెండు వేలే నడిచానంటుంది.
బ్రేకు పెడలు రబ్బరు అరిగి లోపలి ఇనుము కనిపిస్తోంది.
మీటరు వయసు దాచగలదు, పాదం దాచలేదు.

షోకు కోసం కాదు నాకీ బండి.
మధుగిరి అవతల గుట్టల మీద నావి నలభై తేనెపెట్టెలు.
వానొస్తే ట్రాలీ ఆటో సగం దారిలో చేతులెత్తేస్తుంది,
మిగతా సగం పెట్టెలు నా నెత్తిన.

రాణి ఈగ చచ్చిపోయిన పెట్టెని
మూత తీయకుండానే చెప్పేస్తాను.
ఆ రొదలో సన్నటి ఏడుపొకటి కలుస్తుంది.
ఇంజనుకి రాణి లేదే,
ఎవర్ని పోగొట్టుకుందని వినాలి?

ఆయిలు మూత తిప్పి చూశాను. అడుగున మీగడ లేదు.
మంచిదే.
ఇంజను తిరుగుతుండగా అదే మూత బోర్లించి పెడితే
గంతేసి కింద పడింది.
మంచిది కాదేమో. పాత బళ్లన్నీ ఇంతేనేమో.
పుల్ల మీద నూనె కొత్తది, మరీ కొత్తది,
చుట్టాలొస్తున్నారని మార్చిన దుప్పటిలా.

మూడు లక్షల ఎనభై అడుగుతున్నాడు.
ఇంజను దించి చేయిస్తే ఇంకో లక్షా ఇరవై.
పెట్టెకి ఏడాదికి పన్నెండు కిలోలు,
ఆ లెక్కన ఒక్కో పిస్టనూ
ఎన్ని పొద్దుతిరుగుడు చేలు తాగుతుందో
సందు చివర ఇడ్లీబండి దగ్గర నిలబడి లెక్కేస్తూ
సగంలో వదిలేశాను.

పొద్దున్నే ఎందుకు స్టార్ట్ చేశారని అడగలేదు.
అడిగితే జవాబొస్తుంది. జవాబుకి పొగ ఉండదు.

మర్నాడు ఆరుకి పది నిమిషాలుండగా, చెప్పకుండా వెళ్లాను.
డిసెంబరు మంచు. వీధి దీపాలు దూదిలో చుట్టి పెట్టినట్టున్నాయి.
గేటు లోపల ముద్దప్పగారు, మంకీ టోపీ, చేతిలో తాళం.
నన్ను చూసి కంగారేం పడలేదు.
"రోజూ ఇదే టైముకి పది నిమిషాలు తిప్పుతానమ్మా.
లేకపోతే బ్యాటరీ పడుకుంటుంది. తర్వాత నేను పడుకుంటాను."

అయితే నిన్నటి వేడి మోసం కాదు, అలవాటు.
కానీ నిజం చెప్పేవాడి ఇంజను కూడా
నూనె తాగొచ్చు.

జబీవుల్లా పాఠం ఇది. స్టార్ట్ కాగానే నీలం పొగ వచ్చి
పది లెక్కపెట్టేలోగా పోయిందా, వాల్వు సీళ్లు.
పదిహేను వేలు, రెండు రోజులు, నాలుగు టీలు.
పోలేదా, రింగులు.
"అప్పుడు నాకు ఫోన్ చెయ్యకక్కా, ఇంటికెళ్లిపో."

తాళం తిరిగింది.
దగ్గింది. మళ్లీ దగ్గింది. అందుకుంది.
సైలెన్సరు వెనక గొంతుక్కూర్చున్నాను.
నీలం.
ఒకటి. రెండు.
మూడు దగ్గర పలచబడింది.
నాలుగు, ఐదు, ఆరు,
ఏడు దగ్గర
పొగే పోయిందో, మంచొచ్చి దాన్ని కప్పేసిందో,
బెంగళూరంతా ఒకే రంగులో ఉంది.

ముద్దప్పగారు తల బయటికి పెట్టి నన్నే చూస్తున్నారు.
అటువైపు ఎప్పుడూ కూర్చోలేదు కదా ఆయన,
ఏం కనిపించిందో తనకీ తెలుసుకోవాలనుంది.

కళ్లు మూసుకున్నాను. విన్నాను.
ఏడుపు లేదు. ఉన్నా
ఆ భాష నాకు రాదు.

"మూడు నలభై," అన్నాను
లేచి మోకాళ్లు దులుపుకుంటూ.

ఎనిమిది, తొమ్మిది, పది
ఇంకా లెక్కపెట్టలేదు.