రెండు మార్కులు

హక్కుల ఉత్తరం వచ్చిన రోజు
నారాయణగూడలో కరెంటు లేదు.
కింద జిరాక్సు షాపు మూగబోయింది.
ఫోను వెలుతురులో చదివాను:
అడ్వాన్సు ఆరువందల పౌండ్లు,
వెయ్యి కాపీలు, పద్దెనిమిది నెలలు,
ఒక్క బొమ్మ తీసినా ముందే చెప్పాలి.
పుస్తకం శిలీంధ్రాల మీద.
మన దగ్గర ఎవరు కొంటారు సార్, అన్నాడు
బైండింగు సత్తార్.
వానకు ఉబ్బిన మా గోడ చూపించాను.

అమీర్‌పేట ఏజెన్సీ వాళ్లు
పదానికి రూపాయి పావలా అన్నారు, వారంలో ఇస్తామన్నారు.
నమూనా పేజీ మధ్యాహ్నానికే వచ్చింది.
'ఫలించు శరీరం', 'ఆతిథ్యమిచ్చు చెట్టు'.
ఇచ్చింది ఆతిథ్యమే అయితే
ఈ పుస్తకంలో సగం చెట్లు ఎందుకు చస్తాయి?

తార్నాకలో ఒక పెద్దాయన
శాలువా సర్దుకుని 'శిలీంధ్రజాలకము' అన్నారు.
ఆ 'ము' మీద కూర్చుని
కాఫీ తాగి వచ్చాను.

మూడో అడ్రసు మలక్‌పేట, రెండో అంతస్తు.
ఖైరున్నీసా మేడమ్.
రామన్నపేట జూనియర్ కాలేజీలో
ఇరవై ఆరేళ్లు తెలుగు మీడియం బోటనీ.
ఇంట్లో ఉర్దూ, బోర్డు మీద తెలుగు,
కోపం వస్తే రెండూ.
పుస్తకాన్ని ముందు వాసన చూశారు.
తర్వాత వెనక నుంచి తిప్పారు.
"పైసల ముచ్చట తర్వాత బిడ్డా.
నా మాట మార్చాలంటే నన్నడిగి మార్చు.
రంజాన్ నెలల పేజీలు అడగకు.
అట్ట మీద నా పేరు కనబడాలె,
చీమ తలకాయంత కాదు."
ఇన్నేళ్లలో ఇంత తేటగా
ఒక్క ఒప్పందం కూడా రాయలేకపోయాను నేను.

ఉగాది దాటింది. నోటు పుస్తకాలు రాసాగాయి,
ఒక్కోటీ చపాతీల డబ్బా సంచిలో.
ఏడో అధ్యాయంలో
చెదపురుగులు పుట్టలో బూజు సాగు చేస్తాయని
రచయిత నాలుగు పేజీలు ఆశ్చర్యపోయాడు.
మేడమ్ ఫోన్లో నవ్వారు.
"పుట్ట మీది గొడుగు. మన మాటలనే ఉండె గదా,
పాపం ఆయన ఎంత దూరం నడిచిండో."
నాకు నవ్వు రాలేదు.
విలేకరిగా ఉన్నప్పుడు
కోచింగ్ సెంటర్లు పుట్టగొడుగుల్లా లేచాయని
ఎన్నిసార్లు రాశానో.
అది రాత్రికి రాత్రి లేచేది కాదట.
కింద, ఎవరూ చూడని చోట,
ఏళ్లకేళ్లు పని జరిగాకే
ఒక వానకు తల ఎత్తుతుందట.

ఆ కింది పని దగ్గరే మేడమ్ ఆగిపోయారు.
మట్టిలో పాకే ఆ సన్నని తెల్లదనానికి
పాఠ్యపుస్తకం మాట 'తంతువు'.
ఇరవై ఆరేళ్లు అదే చెప్పారు.
రాశారు. కొట్టేశారు. మళ్లీ రాశారు.
నెల గడిచింది.
పౌండ్ల వాళ్లు మర్యాదగా గుర్తు చేశారు.

ఒక రాత్రి పదకొండింటికి ఫోను.
"కర్నాటి నరహరి అని ఒక పిల్లగాడుండె.
సాలోళ్ల పిల్లగాడు, కాలేజీకొచ్చినా
వేళ్లకు రంగు పోకపోయేది.
పరీక్షల తంతువు అని రాయలే, పోగు అని రాసిండు.
పోగులన్ని కలిస్తే అల్లిక అన్నడు.
బుక్కుల లేదని
రెండు మార్కులు కోసిన."
లైన్లో కాసేపు ఫ్యాను చప్పుడు.
"పోగు అనే పెట్టు."

చివర పదాల పట్టికలో
'పోగు' ఎదురుగా, ఆధారం గడిలో,
మేడమ్ చేతిరాత:
కర్నాటి నరహరి, ఇంటర్ సెకండియర్, రామన్నపేట.
ఇది ఏ గ్రంథం, ఏ పుట అని
అక్కడి నుంచి అడిగారు.
జవాబు పత్రం, నాలుగో ప్రశ్న
అని రాసి పంపాను.
ఆ తర్వాత ఏమీ అడగలేదు.

ఆ పేరు పక్కన మేడమ్ వేసిన 2/2ని
అచ్చుతప్పనుకుని
చిక్కడపల్లి కంపోజిటరు తీసేశాడు.
రెండో ప్రూఫులో
ఎర్ర పెన్ను వెతుక్కుని
నేనే మళ్లీ వేశాను.