నానిన బాదం

వంటింటి గడియారాన్ని దాచే పని ఏటా నాదే.
చూడ్డానికి కోడిగుడ్డంత, కూత మాత్రం ఓడ కూత.
నిరుడు బూటులో పెడితే మాల్టె పసిగట్టేశాడు.
ఈసారి మూడు ఊలు టోపీలు తొడిగి
పియానో కడుపులో పడుకోబెట్టాను.

బయట లిమ్ ఫియోర్డ్ మీద నాలుగింటికే చీకటి.
లోపల పధ్నాలుగు మంది, పదకొండు కుర్చీలు,
ఒక పాచిక.

ఆరు పడితే బల్ల మీది గుట్టలోంచి ఒక పొట్లం నీది.
గుట్ట ఖాళీ అయ్యాకే అసలు ఆట:
అప్పుడు ఆరు పడితే ఎవరి ఒళ్ళోంచైనా లాక్కోవచ్చు,
గడియారం కూసేదాకా.
ఇంతా చేసి పొట్లాల్లో ఏముంటాయి?
ఆవముద్ద సీసా, గిన్నెలు తోమే బ్రష్షు,
పోయినేడు ఇదే బల్ల మీద గెలిచినవాళ్ళు
వద్దనుకుని మళ్ళీ చుట్టి తెచ్చిన కొవ్వొత్తి.
దానికోసం కోర్టులో నల్లకోటు వేసుకునే బావ టోర్కిల్
ఏడేళ్ళ విగ్గాతో గుంజులాడతాడు.
గెలిచేది విగ్గాయే.

కానీ ఆ సాయంత్రం ఆట మధ్యలో
ఒకరి బుగ్గలు ఒకరు అనుమానంగా చూసుకుంటున్నాం.
మధ్యాహ్నం లెక్క ఒకటి తేలలేదు మరి.

చల్లటి బియ్యప్పాయసం, గిలక్కొట్టిన మీగడ,
మీద వేడి చెర్రీల రసం,
ఆ తెల్లటి కుండలో ఎక్కడో ఒకే ఒక్క నిండు బాదం.
దొరికినవాళ్ళు బుగ్గన పెట్టుకుని
అందరి గిన్నెలూ ఖాళీ అయ్యేదాకా
కిమ్మనకూడదు.
గెలిస్తే మార్జిపాన్ పంది.
కుండ అడుగు తేలింది. పంది అల్మరా మీదే ఉంది.
వేశానని టోర్కిల్ ఒట్టు. వెయ్యలేదని అతని పెళ్ళాం ఒట్టు.
విగ్గాకి దొరకలేదన్నది ఖాయం:
దాని నోట్లో నువ్వుగింజ నానదు.

వంటింట్లో సోల్వై పిన్ని గొంతు తగ్గించింది.
"పొద్దున బానే ఉంది. భోజనాల దగ్గర్నుంచి
అమ్మ ఒక్క మాట అనలేదు, గమనించావా?
అలా కిటికీ వైపే చూస్తోంది.
ఆ హోమ్ కాగితాల మీద జనవరిలో సంతకం పెట్టేద్దాం."
నేను పళ్ళెం తుడుస్తూ ఊఁ అన్నాను.
ఊఁ అన్నానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

తొంభై ఒకటో ఏట అమ్మమ్మ గుడ్రున్
పాచిక వేస్తే రెండుసార్లు ఆరు పడింది.
రెండుసార్లూ నోరు విప్పలేదు,
వేలు మాత్రం చాచింది, టోర్కిల్ ఒళ్ళోని పెద్ద పొట్లం వైపు.
అతను జాలిపడి ఇచ్చేశాడు.
ఎవరైనా ఏదైనా జాలిపడి ఇస్తే
ఆ ఆట అక్కడితో చచ్చిపోతుందని
ఆవిడే నాకు చిన్నప్పుడు చెప్పింది.

పియానోలో గడియారం కూసింది.
తీగలన్నీ ఒక్కసారి మూలిగాయి.
విగ్గా బల్ల కింద దూరింది, మాల్టె పగలబడి నవ్వాడు,
పదిహేడేళ్ళ అస్గర్ ఫోన్‌లోంచి తలెత్తి
ఆకలేసినట్టు చుట్టూ చూసి
కిటికీ గట్టు మీద, తెర వెనక,
మధ్యాహ్నం సగంలో వదిలేసిన తన గిన్నె అందుకున్నాడు.
నాలుగు చెంచాలు. అయిదు.
గీకిన చప్పుడు.

అప్పుడు అమ్మమ్మ
అరచేయి నోటి దగ్గర పెట్టుకుని
బాదాన్ని బయటికి తీసింది.
మూడు గంటలు నాని, పొట్టు జారి,
పాలపన్నులా మెరుస్తోంది.
పాచిక పక్కన పెట్టి అంది:
"ఎంత మెల్లగా తింటావురా, గాడిదా.
నా దవడ పడిపోయింది."

ఇల్లు ఇల్లంతా అరిచింది.
పంది చెవి కొరికి విగ్గాకి పెట్టి
మిగతాది ఎవరికీ ఇవ్వనంది.
సోల్వై పిన్ని వంటింట్లోకి వెళ్ళింది.
తుడిచేసిన పళ్ళేన్నే
మళ్ళీ తీసి
చాలాసేపు తుడిచింది.