ఒకటి, ఒకటి, రెండు

ముసఫా క్యాంపుల బీ బ్లాకు మిద్దె మీద
నీళ్ల ట్యాంకులకు, ఏసీ డబ్బాలకు నడుమ
ఆరడుగుల జాగ.
అక్కడ సుద్దతోని గీత గీసిండు వాస్వా.
"ఎడమ కాలు గీత మీద. కుడి కాలు వెనక.
ఆ మడిమె కొంచెం లేపు,
కింద బల్లి ఉన్నదనుకో, తొక్కకు."

గేటు కాడ పన్నెండు గంటలు నిలవడే నౌకరి ఆయనది.
పైపుల మీద పది గంటలు యాలాడే పని నాది.
ఆయనకు తెలుగు రాదు, నాకు లుగాండా రాదు.
నడుమ విరిగిన హిందీ, బదులు తెచ్చుకున్న అరబ్బీ;
మిగిలింది భుజాలు మాట్లాడుకుంటయి.

గ్లౌజులు లేవు.
కంపెనీ దుప్పటి పట్టీలుగ చింపి
బొటనవేలికి ఒక మెలిక, మణికట్టుకు మూడు,
వేళ్ల సందుల నుంచి తిప్పి కట్టిండు,
మా అమ్మ తునికాకు మలిచి దారం చుట్టినంత నాజూగ్గ.
సంచి అంటే బాస్మతి గోనె.
లోపల ఇసుక, పాత డాంగ్రీలు,
రాత్రికి రాత్రి పారిపోయినోని జీన్సు ప్యాంటు.

మొదటి నెలంత గుద్దుడే లేదు.
నిలవడుడు, జరుగుడు.
ముందుకాలు ముందుగాల, వెనకకాలు దాని వెంట.
"కాళ్లు కలపకు. గదువ దించు,
అంగీ గుండీ నోట్ల పట్టినట్టు."
కోరుట్ల నుంచి ఇంతదూరం వచ్చి
నడక నేర్చుకుంటున్నవా అని
రూముల సాయన్న నవ్విండు, చారు పోసుకుంట.

ఒకటి అంటే ఎడమచెయ్యి, సూటిగ.
పిడికిలి ముందే బిగియ్యద్దు, తగిలేటప్పుడే.
ఎంత జల్ది పోతదో అంత జల్ది చెంప కాడికి రావాలె.
నేను పంపిన చెయ్యిని ఆడనే మరిచిపోయేటోణ్ణి
బస్సు ఆపుతున్నోని లెక్క.
అప్పుడు వాస్వా రెండు వేళ్లతోని
నా ఉత్త చెంప మీద తట్టేటోడు:
"తలుపు తెరిచి పోయినవు, లింబాద్రీ."

రెండు అంటే కుడి. అది చేతిది కాదట.
"క్లాంపు బోల్టు బిగిస్తవు గద,
ఆ జోరు యాడికెల్లి వస్తది?"
పాదంల నుంచి, నడుంల నుంచి.
అదొక్కటి నాకు ముందే తెలుసు, తొమ్మిదేండ్ల సంది.
గోనె మొదటిసారి మూలిగింది.

మూడు, మోచెయ్యి మలిచి పక్కకెల్లి కొట్టుడు,
నాకు ఇంకా రాలే.

ఒకనాడు గోనె మీద ఫోర్మన్ మొఖం పెట్టిన.
రెండు నెలల ఓవర్‌టైం పెట్టిన, పాస్‌పోర్టు పెట్టిన.
అరనిమిషంల ఊపిరి అయిపోయింది.
"పేరు పెట్టకు గోనెకు," అన్నడు వాస్వా.
"అది ఇసుక. నువ్వు ముక్కుతోని గాలి ఇడువు."

రంజాన్ ముందటి శుక్రారం ఎదురుగ నిలవెట్టుకున్నడు.
ఆయన కవలోడు. చిన్నప్పుడు కంపాలల
తన మొఖమే ఉన్న తమ్మునితోని తలపడ్డోడు.
మెల్లగనే ఏసిండు, అయినా ముక్కుకు తగిలింది,
నోట్లె ఉప్పు.
"దెబ్బ వస్తుంటె కండ్లు మూస్తున్నవు. ఎవరు నేర్పిండ్రు?"

ఎవరు నేర్పిండ్రు?
ఇనుప స్కేలు పట్టిన లెక్కల సారు.
తాగొచ్చిన నాయిన.
షార్జా బసల తాళంచెవుల గుత్తి ఇసిరిన పాత కఫీలు.
అందరు కొట్టి పోయినోళ్లే.
కొట్టి, ఆగి, ఎట్ల తప్పుకోవాల్నో
తల పట్టుకొని చూపెట్టినోడు ఈయనొక్కడే:
బెత్తెడంత. అంతకన్న ఎక్కువ వద్దు.

మొన్న సైటుల, నాలుగో అంతస్తు కాడ,
మీదికెల్లి పైపు జారింది.
నా తల బెత్తెడు కుడికి పోయింది. నేను చెప్పలే, అదే పోయింది.
చెవి పక్కపొంటి గాలి.
కండ్లు తెరిచే ఉన్నయి:
పైపు మూతి మీది తుప్పు చూసిన,
దానికి చుట్టిన పసుపు పట్టీ చూసిన.
సేఫ్టీ ఆఫీసరు నా పేరు అడిగి తప్పు రాసుకున్నడు.

మాపటికి మిద్దె ఎక్కి అంత చెప్పిన వాస్వాకు.
మెచ్చుకుంటడనుకున్న.
పట్టీ చుట్టుకుంట తల ఎత్తకుంటనే అడిగిండు:
"అప్పుడు చెయ్యి యాడున్నది?"
అబద్ధం ఆడలే. పైపును అందుకోబోయి చాపిన.
పండ్లన్ని కనబడేటట్టు నవ్విండు.
"తలుపు తెరిచే ఉన్నది ఇంకా.
గీత మీదికి రా. ఒకటి."