తిప్పరాగి

ఇరవై గంటలు.
కాలేజీవాళ్ళిచ్చిన కాగితంలో గడులు అన్నే ఉన్నాయి,
గడికో సంతకం, అడుగున ఒక ముద్ర.
అందుకే వచ్చినాను ఆదివారం పూట,
చంద్రగిరి బస్సు దారిలో దిగి,
వెంచర్ రాళ్ళ నడుమ మిగిలిపోయిన రెండెకరాల్లోకి,
మామ కొనిచ్చిన తెల్ల బూట్లతో.

అందరి చేను అంటారు దాన్ని.
వచ్చి వంగినవాళ్ళదట.
నాతోపాటు వంగడానికి వచ్చింది ఆరుగురు.
హాస్టలు ఉప్మా తప్పించుకోవాలని ఖాజాపీర్,
ఫోన్లో పిట్టల కూతలు పట్టుకునే నిరోష,
తక్కినవాళ్ళ పేర్లు అప్పటికింకా తెలీవు.

చెంగమ్మక్క తొలిక చేతికిచ్చి సాలు చూపించింది.
"రాగి పైరు. ఇది ఉంచు, అది పెరుకు."
ఇదీ అదీ
రెండూ పచ్చగానే ఉన్నాయి.
బాటనీలో నాకు తొంభై ఆరు.
మళ్ళీ అడగాలంటే నామోషీ.

గంటసేపు పెరికినాను.
ఎంత సులువుగా వచ్చినాయో,
రెండు వేళ్ళు తగిలిస్తే చాలు,
పాత చొక్కా గుండీల్లాగ.
కొన్ని మాత్రం కదల్లేదు,
నేలను కరుచుకుని కూచున్నాయి,
లాగితే నా అరచెయ్యే కోసుకుంది.
పంట కదా, గట్టిగానే ఉంటుందిలే అని
వాటికి దండం పెట్టి వదిలేసినాను.

చెంగమ్మక్క వచ్చి నా కుప్ప చూసింది.
నా సాలు చూసింది.
తర్వాత కొండ వైపు చూసింది
వాన ఏమైనా వస్తుందా అన్నట్టు.
"ఎంత బాగా పెరికినావు పాపా,
ఒక్క కలుపు మొక్కకూ దెబ్బ తగల్లా!"

ఖాజాపీర్ పడీపడీ నవ్వినాడు.
నవ్వుతానే తన కుప్పను
మెల్లగా కాలితో వెనక్కి నెట్టుకున్నాడు.

అక్క ఒక దుబ్బును తొలికతో లేపి
నా వేళ్ళ మధ్య దొర్లించింది.
దొర్లలేదు.
మొదలు తెల్లగా, అణిగిపోయి,
తాగి నలిపేసిన స్ట్రా లాగ ఉంది.
"దీని పేరు తిప్పరాగి. రాగికి దాయాది.
ఎవురూ నాటలా, ఎవురూ నీళ్ళు పొయ్యలా,
అందుకే పట్టు విడవదు.
మనం నాటినేది చూడు, అడిగితే లేచొచ్చేస్తాది.
దానికి ధైర్యం, మనం ఉండామని."

నేనేమీ మాట్లాడలేదు.
కుప్ప ముందు కూచుని లెక్కపెట్టినాను.
నూట పన్నెండు.

పొద్దు వాలనిచ్చి, నీళ్ళు కట్టి
బురద తొక్కించి
మళ్ళీ నాటించింది ఒక్కొక్కటే.
"రాగికి కోపం తక్కువలే" అనింది.
బూట్లు గెనెం మీద ఉన్నాయి,
వాటిలోంచి ఒక చీమ వచ్చి ఒక చీమ పోయింది.
పాకాల రైలు వెళ్ళేటప్పుడు
నడుము ఎత్తి చూడబోయి
ఎత్తలేక
శబ్దాన్నే చూసినాను.

మరు ఆదివారం బస్సు దిగి పరుగెత్తినాను.
నలభై మూడు ఎండిపోయినాయి.
అరవై తొమ్మిది నిలబడి ఉన్నాయి.
పరీక్షలో అరవై తొమ్మిది వస్తే
మా అమ్మ రెండు రోజులు మాట్లాడదు.
ఆ సాయంత్రం అమ్మకు ఫోన్ చేసి
"అరవై తొమ్మిది!" అని అరిచినాను.
"దేనికే?" అనింది భయపడి.

గంటలు ఎప్పుడో అయిపోయినాయి.
కాగితం తీసుకుపోతే
అక్క కళ్ళద్దాలు వెతికి పెట్టుకుని చదివింది.
"పైరుకు నూరు దినాలు పట్టింది కదా,
నువ్వు ఇరవై గంటలకే కోతకొచ్చినావా?"
సంతకం మాత్రం పెట్టింది,
పండిన రాగి వెన్నులాగ
లోపలికి ముడుచుకున్న అక్షరాలతో.
ఆ కాగితం నా బ్యాగులోనే ఉంది.
ఇవ్వాలి. ఈ వారం ఇస్తాను.

మళ్ళీ నారు నాటి మూడు వారాలు.
ఇయ్యాళ కొత్త పిల్లలు వచ్చినారు.
చెవుల్లో పాట పెట్టుకున్న ఒక పిల్లోడు
సాలు వెంబడి హుషారుగా పోతా ఉన్నాడు,
ఎంత సులువుగా వస్తా ఉన్నాయో వాడికి!
నా నోరు తెరుచుకుంది.
చెంగమ్మక్క మోచేత్తో పొడిచింది.
"ఉండు. రవ్వంత చెయ్యి కోసుకోనీ."

నేను బిందె తీసుకుని మోటారు కాడికి పోయి
రెండు తూర్లు నీళ్ళు మోసి
గెనెం పక్కన
బురద చేసి పెట్టినాను.