ఎంతుంది?

కొండపి చేలో బ్యారన్ కాడ
ఈ రాత్రి కాపలా నాది.
గాజుకిటికీలోకి టార్చి కొట్టి చూస్తా:
నూట ముప్పై. ఇంకా ఎక్కాలి.
పొయ్యిలో మొద్దు ఎగదోస్తా.

గంటకోసారి పాకలోకి పరుగు.
కెజియా చంకలో ఇంకో పాదరసం:
నూట రెండున్నర. దిగాలి.
సలోమి తడిగుడ్డ పిండుతోంది.
దుప్పటి కప్పబోతే నా చెయ్యి తోసేసింది.
"ఆశమ్మ ఏం చెప్పిందీ? ఇనవేం!"

పొగాకు కంపు నా చొక్కాదేనని
గడప అవతలే విప్పి పారేశా.
అయినా దగ్గింది.

మూత గీతకి కొలిచి పోసిన మందు
సగం గొంతులో,
మూడు చుక్కలు గడ్డం మీద.
మళ్లీ పోయాలా? వద్దంది.
మళ్లీ పొయ్యి కాడికి.

తెల్లారి బండి దిగుతూనే రైతు:
"ఎంతుందిరా ఏసోబూ?"
"తొంభై తొమ్మిది!"
ఆయన మొహం మాడిపోయింది.
నాకేమో నవ్వాగలేదు.