గాలి కండ

దివిజ ఎడమ పిడికిలి
ఏడేళ్లుగా తలుపేసిన కొట్టు.
లోపలేముందో వాళ్ల నాయనమ్మ దాలమ్మకే తెలుసు.
రోజూ స్నానం వేళ తడిగుడ్డ కొస దూర్చి
చెమటా, నూగూ, పులిసిన వాసనా
బయటికి లాగేది ఆవిడే.

మంగళవారం మంగళవారం
పొందూరు నుంచి ఆటోలో వస్తారు ఇద్దరూ.
శ్రీకాకుళం ఆసుపత్రి, పాత మేడ, రెండో అంతస్తు.
లిఫ్టు నడిస్తే ఆ రోజు పండగే.
నేను వేళ్లు ఒక్కొక్కటే విప్పుతాను.
విప్పిన వేలు
పక్క వేలి దగ్గరికి నేను చేరేలోపే
మళ్లీ ముడుచుకుంటుంది.
పదకొండేళ్ల ఉద్యోగం నాది,
చాలావరకు బతిమాలడమే.

ఆ మధ్య విజయనగరం కాలేజీ కుర్రాళ్లు
చేతికి తొడిగే యంత్రం ఒకటి తెచ్చారు.
యంత్రం అనగానే దివిజ నాయనమ్మ కొంగులో దూరింది.
తీరా చూస్తే ఇనుము లేదు, పళ్లచక్రం లేదు.
సన్నటి రబ్బరు గొట్టాలు,
వాటిమీద వలలా అల్లిన దారపు తొడుగు,
చేపల తొట్టెకు పెట్టే బుల్లి పంపు.
గాలి నిండితే గొట్టం లావెక్కి పొట్టిదవుతుంది,
పొట్టిదై, వేలి వీపున తాడు లాగుతుంది.
మన జబ్బలో కండ చేసేదీ ఆ పనే.

"ఇది ఇప్పీసినాక?" అంది దాలమ్మ.
"మళ్లీ ముడుచుకుంటుందమ్మా.
రోజూ చేస్తే, మెల్లగా, కొంచెం..."
ఆ కొంచెం ఎంతో నాకూ తెలీదు.

మూడో వారానికి దారపు తొడుగు చిరిగింది.
ఆ చోట గొట్టం కప్ప గొంతులా ఉబ్బి ఊరుకుంది.
ఫోన్ చేస్తే తవిటినాయుడు పరీక్షలన్నాడు,
ఆ అల్లిక పూణే నుంచి రావాలన్నాడు,
నెల్లాళ్లు, మేడం, అన్నాడు.

దాలమ్మ కళ్లద్దాలు ముక్కుమీదికి జార్చి
చిరుగును గోటితో తిరగేసింది.
వాలుగ చేప దవడతో పత్తి ఏకీ ఏకీ
అరిగిన గోరు.
"పోగులు తిన్నగా పోనేదు సూడమ్మా,
ఏటవాలుగా ఎల్తన్నాయి.
అందుకే ఉబ్బితే కురసయిపోతాది.
గుంటకి జడేసినట్టే కదేటి. ఇలాగియ్యి."
నా పుస్తకంలో అది
రెండు పేజీల లెక్క, బొమ్మలతో సహా.

పై మంగళవారం తెచ్చింది తెల్లటి నూలు తొడుగు.
సన్ననూలు గాలికి ఆగదని
ఎనిమిది పోగులు పురిపెట్టిందట,
రెండు రాత్రులు రాట్నం మూల పెట్టిందట,
కూలి పోయిందని కోడలు అలిగిందట.
అన్నీ చెప్పింది, నేను గొట్టం తొడుగుతుండగా.

పంపు గురక పెట్టింది.
బొటనవేలు ముందు. తరవాత చూపుడువేలు
తడబడి, ఆగి, లేచింది.
చిటికెనవేలు ఎప్పటికో.
అరచెయ్యి బయటపడింది,
కట్టు విప్పిన చోటు తోలులా పాలిపోయి,
ఎవరూ నడవని గీతలతో.

దివిజ వంగి చూసుకుంది,
పక్కింటి గదిలోకి తొంగిచూసినట్టు.
"నాయనమ్మా,
ఇందులో ఏటీ నేదు."

దాలమ్మ ఏమీ అనలేదు.
రొంటిన ఉన్న పొట్లం విప్పి
ఏకిన పత్తి చిటికెడు
ఆ అరచేతిలో పెట్టింది.

అప్పుడే కరెంటు పోయింది.
పంపు నోరుమూసుకుంది, గొట్టాలు నీరసించాయి,
వేళ్లు వచ్చిన దారినే
ఒక్కొక్కటీ ఇంటికి పోయాయి.
సందుల్లోంచి తెల్లగా కొంచెం కనిపిస్తోంది.

రిజిస్టరులో రాశాను:
తెరుచుకున్నది, తొమ్మిది సెకన్లు.
వస్తువు పట్టుకోవడం అన్న గడి దగ్గర
పెన్ను ఆగింది. ఖాళీగా వదిలేశాను.

ఈ వారం దాలమ్మ ఫిర్యాదు తెచ్చింది.
పిల్ల ఆ పత్తి తియ్యనివ్వడం లేదట,
తడిగుడ్డ చూపిస్తే
చెయ్యి వీపు వెనక దాచేస్తోందట,
దానంతట అదే.