పదకొండు సెకన్లు

భావనపాడు రేవులో, ఐసు ఫ్యాక్టరీని ఆనుకున్న గదిలో
సొసైటీ వీహెచ్ఎఫ్ సెట్టు నా చేతిలో.
గాలి తిరగబడింది. ఈశాన్యం మూల నలుపు.
"దానయ్యా, బేగొచ్చీ! ఇనబడతందా?"

దానయ్య కూతురు పోలేశ్వరి, పదో తరగతి,
డీజిల్ బిల్లు వెనకాల పెన్సిల్ పెట్టింది.
పడవ ముప్పై ఆరు కిలోమీటర్ల మీద ఉంది,
తరంగం సెకనుకి మూడు లక్షలు నడుస్తుంది.
"సెకన్ని లచ్చ ముక్కలు సెయ్యి మామా,
పన్నెండు ముక్కల్లో నీ మాట అక్కడుంటాది.
తిరిగి రాడానికి ఇంకో పన్నెండు."

లెక్క తేలింది.
జవాబు రాలేదు.

సెట్టులో గరగర,
ఎండుచేప పెనం మీద వేసినట్టు.
గోడ గడియారం వైపు నేను చూడలేదు, ఆ గుంటే చూసింది.
ఒకటి. నాలుగు. ఏడు.
పెన్సిల్ మొన విరిగింది.

పదకొండో సెకనులో
దానయ్య గొంతు, సగం నీళ్లలో నానినట్టు:
"ఏటీ... వల లాగతన్నాం... సేతులు కాలీ నేవు."

నేను కూలబడ్డాను. ఆ పిల్ల నవ్వలేదు.
బ్లేడుతో మొన చెక్కుకుని
బిల్లు మీద మిగిలిన జాగాలో
పదకొండుని మూడు లక్షలతో హెచ్చవేసింది.
ముప్పై మూడు లక్షల కిలోమీటర్లు.
చందమామ దాకా నాలుగుసార్లు పోయొచ్చినా
ఇంకా మిగిలే దూరం.

"మా అయ్య అంత దూరం ఎలిపోనాడు మామా,
ఒక్క వల కోసం."

బిల్లు మడిచి జేబులో పెట్టుకుంది.
డీజిల్ బాకీ ఎంతో
ఇప్పటికీ నాకు తెలీదు.